జోడుపోగు

“ఇయ్యాల మూడు గంటల లోపట కాయితం పోవాలె చెల్లె. మూడు దాటితే అక్కడ ఆఫీసు బందు. రేపు, ఎల్లుండి వాళ్లకు సెలవు. పీనుగను ఇంక మా దగ్గర ఉంచేది లేదని కంపెనీ వాళ్లు ఖరాఖండిగ చెప్తున్నరు,” అన్నాడు గల్ఫ్ ఏజెంటు హనుమండ్లు ఫోన్‌లో.

నర్మద ఫోన్‌ను చెవి నుంచి జానెడు దూరం జరిపింది. మొన్నటిదాకా ‘మా బావ’ అన్న నోరే ఇవ్వాళ పీనుగ అంటోంది.

“ఇంటున్నవా?”

“ఇంటున్న అన్నా.”

“నువ్వు పరేషాన్ కాకు. పది గంటల బస్సుకు కరీంనగర్ రా. ఒక్క సంతకం. మిగిలింది నేను జూసుకుంట.”

ఒక్క సంతకం. తన భర్త సిద్దిరాములు శవానికి అక్కడే అంత్యక్రియలు చేయడానికి తనకు అభ్యంతరం లేదని రాసిన కాగితం మీద. అది పెట్టేస్తే సిద్దిరాములు చనిపోయినట్టు లోకమంతా ఒప్పుకున్నట్టే. అతని ఊరు ఒప్పుకుంది, కులం ఒప్పుకుంది, తల్లి ఒప్పుకుని మంచం పట్టింది. ఇక మిగిలింది నర్మద ఒక్కతే.

ఫోన్ పెట్టేసి ఆమె గోడకు ఆనుకుంది. సిరిసిల్లలో ఆ వాడంతా సాంచాల చప్పుడే. కరెంటు ఉన్నంతసేపూ మగ్గాలు టకటకా కొట్టుకుంటూనే ఉంటాయి. తొమ్మిది రోజులుగా ఈ ఇంట్లో కండెలు చుట్టే మిషన్ ఒక్కటే మూగపోయింది.

తొమ్మిది రోజుల కిందట గల్ఫ్‌లో లేబర్ క్యాంపు గది ఒకటి తగలబడింది. ఎనిమిది మంది ఉండే గది. ఆ పగలు డ్యూటీ దిగి వచ్చి పడుకున్నది ఇద్దరే. సిద్దిరాములు, అతని పక్క మంచం సాయిచంద్. ఇద్దరిదీ ఒకే వాడ. ఒకే ఎత్తు, సాంచాల దగ్గర పెరిగిన ఒకే బక్క ఒళ్లు. ఒకడు గుర్తుపట్టడానికి వీల్లేకుండా కాలిపోయాడు. ఇంకొకడు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికినవాడి కోటు జేబులో సాయిచంద్ గుర్తింపు కార్డు దొరికింది. అందుకని పోయినవాడు సిద్దిరాములు. కంపెనీ లెక్క అంతే.

నర్మద అలమారలోంచి పాత ఫోన్ తీసింది. సిద్దిరాములు గల్ఫ్ పోతూ వదిలి వెళ్లిన ఫోన్. అద్దం మూలన సాలెగూడులా పగిలింది. తొమ్మిది రోజులుగా దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆట గుర్తొస్తుంది.

ఆ ఆటను వాళ్లు తాళ్లాట అనేవారు. తెర మీద గున్న ఏనుగు ఒకటి నోరు తెరుచుకుని నిలబడుతుంది. పైన తాళ్లకు బెల్లం ముద్ద వేలాడుతుంది. వేలితో గీస్తే తాడు తెగుతుంది. ఏ తాడు ఎప్పుడు తెంపితే ముద్ద ఎటు ఊగి, ఎక్కడ తగిలి, ఏనుగు నోట్లో పడుతుందో అదే ఆట. సగం దేశం ఆడుతోంది దాన్ని. బస్సుల్లో, బ్యాంకు క్యూల్లో, ఆఖరికి పెండ్లి పీటల వెనక కూడా.

అందరూ తాళ్లు తెంపి గెలుస్తారు. సిద్దిరాములు తెంపకుండా గెలిచేవాడు. పోగు తెగితే సాంచా ఆగిపోతుంది, సేటు నోరు లేస్తుంది. తొమ్మిదేళ్ల వయసు నుంచి తెగిన పోగులు అతుకుతూ పెరిగినవాడు. అతనికి తాడు తెంపడమంటే ఒంటి మీద గీసుకోవడమే. నలుగురు నాలుగు తాళ్లు తెంపే చోట అతను ఒక్కటి తెంపి, ముద్ద ఊగుతుంటే చూస్తూ కూచునేవాడు.

“జర ఆగు. ఊగేదాన్ని ఊగనియ్యాలె. అది ఎనక్కి మళ్లినంక తెంపాలె. నీకు అన్నింటికీ తొందరనే,” అని నవ్వేవాడు.

ఆటలో సొంతంగా చిక్కులు కట్టే వీలు కూడా ఉంది. ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు రోజున, సిద్దిరాములు ఒక చిక్కు కట్టి పెట్టేవాడు. ఇక్కడ నర్మద కండెల మధ్య తీరిక చేసుకుని దాన్ని విప్పేది. తను ఇంకొకటి కట్టి పెట్టేది. ఇద్దరికీ ఒకే ఖాతా, ఒక ఫోన్‌లో గీసింది రెండో దాంట్లో అప్పుడే కనిపిస్తుంది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ‘నర్మద’. పిన్ నంబరు పెండ్లి తారీఖు. చదువు రాని సిద్దిరాములుకు ఇంగ్లీషులో రాయడం వచ్చిన మాట అదొక్కటే.

ఇక ఈ ఆటను ఫోన్‌లోంచి తీసేయాలి. సంతకం పెట్టబోయే ఆడదానికి ఇదెందుకు? ఆ ఉద్దేశంతోనే నర్మద ఆట తెరిచింది.

తెర మీద నల్లటి పలక లేచింది.

‘మీ ఆట మరో ఫోన్‌లో తెరిచారు. నిన్న, సాయంత్రం 4.10.’

ఆమె రెండుసార్లు చదివింది. సిద్దిరాములు ఫోన్ కరిగి ముద్దయిపోయింది. కంపెనీ వాళ్లు ఫొటో కూడా పంపారు. మరి ఇది ఎవరి ఫోన్?

వేలితో కిందికి జరిపింది. పది రోజుల కిందట తను కట్టి పెట్టిన చిక్కు. అది కట్టడానికి రెండు పూటలు పట్టింది. మూడు తాళ్లు తెంపందే విడిపోదని పందెం కాసి మరీ పంపింది. దాని పక్కన ఇప్పుడు పచ్చ గుర్తు ఉంది.

‘నిన్న విడింది. తెంపిన తాళ్లు: 1.’

నర్మద నేల మీద కూలబడింది. ఒక్క తాడు. లోకంలో ఇంకెవరు తెంపుతారు ఒక్క తాడు?

*

“అక్కా, బస్సు టైమయితుంది. పా,” అంటూ రమ గుమ్మంలోకి వచ్చింది.

రమ సాయిచంద్ భార్య. పెండ్లయి రెండేళ్లు. సాయిచంద్‌ను ఇండియాకు పంపించాలంటే ఆమె సంతకం కూడా కావాలట. అందుకని ఇద్దరూ ఒకే బస్సు ఎక్కాలి. ఒకరు మనిషిని తెచ్చుకోవడానికి, ఒకరు వదులుకోవడానికి.

“ముఖం జూడు ఎట్లయిందో. ఏమన్న తిన్నవా?” రమ నర్మద చేయి పట్టి లేపింది. “తినలే. నాకెరుకే. జొన్నరొట్టె కట్టుకొచ్చిన. బస్సుల తిందువు.”

ఈ తొమ్మిది రోజులూ నర్మదకు నీళ్లు పోసింది, తల దువ్వింది, పక్కన పడుకుంది రమే. తన మొగుడు బతికాడన్న సంతోషాన్ని ఒక్క పూట కూడా ఈ ఇంటి గడప దాటనివ్వలేదు.

నర్మద ఫోన్‌ను కొంగులో చుట్టి దాచింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియలేదు. బస్సు వేములవాడ దాటేటప్పటికి తెలిసింది.

“రమా, ఆసుపత్రి నుంచి వీడియో చేసిన్రు గద. ఏం జూసినవు?” అని అడిగింది.

“ఏం జూసిన అక్కా. ముఖం నిండ కట్లు. గొంతుల గొట్టం. మాట్లాడరాదు. కుడి చెయ్యి ఇంత లావు దూదిల ఉంది. ఎడమ చెయ్యి ఒక్కటే మంచిగున్నది. కండ్లు వాచిపోయి సన్న గీతల్లెక్క ఉన్నయి.” రమ కిటికీలోంచి బయటికి చూసింది. “నేను ‘ఏమయ్యా, సాయీ’ అని పిలిస్తే ఇట్ల తల అడ్డం ఊపిండు. మల్ల పిలిస్తే మల్ల ఊపిండు. కండ్లెంబడి నీళ్లు. నొప్పి ఉందేమోనని నర్సమ్మ ఫోన్ బందు చేసింది.”

నర్మద ఆమె వైపు తిరిగింది.

“ఆ నర్సమ్మ ఎవరు?”

“మలయాళీ ఆమె. మంచిది. పగటిపూట తీరిక దొరికితె తన ఫోన్ ఇస్తదట ఆయనకు, పొద్దుపోవాలెనని. ఆటాడుతడట ఎడమ చేత్తోటి.” రమ చిన్నగా నవ్వింది. “మీ ఆయన నేర్పిందే అక్కా. మీ తాళ్లాట. రూముల మీ ఆయన ఫోన్ల మా ఆయన కూడ ఆడేటోడు. పిన్ నంబరు సుత చెప్పిండట. నాతోటి ఒకటే చెప్పుడు, అన్న ఒక్క తాడు తెంపి గెలుస్తడు, నేను సుత నేర్చుకున్న అని.”

బస్సు గుంతలో పడి లేచింది. నర్మద లోపల ఏదో అలాగే పడింది కానీ లేవలేదు.

సాయిచంద్‌కు నంబరు తెలుసు. ఒక్క తాడు విద్య కూడా తెలుసు. అతనూ నాలుగేళ్లు సాంచా నడిపినవాడే.

అయితే ఆ మంచం మీద ఉన్నది ఎవరు?

ఇప్పుడు ఆమెకు ఫోన్ ఎందుకు దాచిందో అర్థమైంది. ఆ మంచం మీద ఒక్కడే ఉన్నాడు. అతను సిద్దిరాములైతే, కాలిపోయింది సాయిచంద్. నర్మద మొగుడు బతికితే రమ మొగుడు చస్తాడు. మధ్యదారి లేదు.

రమ రొట్టె ముక్క తుంచి ఆమె చేతిలో పెట్టింది. “తిను అక్కా. నేనున్న గద నీకు. ఆయనొచ్చినంక నిన్ను ఒక్కదాన్ని ఉండనిస్తమా?”

నర్మద ఆ ముక్కను నోట్లో పెట్టుకుంది. మట్టి నమిలినట్టుంది. కాసేపటికి రమ తల ఆమె భుజం మీదికి వాలింది. రాత్రుళ్లు నిద్రలేని పిల్ల, కుదుపులకు కూడా లేవనంతగా పడుకుంది.

నర్మద మెల్లగా ఫోన్ తీసింది. పదకొండు ఇరవై. బ్యాటరీ ముప్పై ఒకటి.

ఒక ప్రశ్న అడగాలి. సిద్దిరాములుకు మాత్రమే జవాబు తెలిసిన ప్రశ్న. అతనికి చదవడం రాదు. అక్షరాలతో కుదరదు. తాళ్లతోనే అడగాలి.

ఏముంది వాళ్లిద్దరికి మాత్రమే తెలిసింది? పెండ్లి, అత్తగారిల్లు, బాకీలు, తగాదాలు, అన్నీ రూములో పొద్దుపోక చెప్పుకునే కబుర్లే. మంచాలు పక్కపక్కన ఉన్న మగవాళ్లు ఏమైనా చెప్పుకుంటారు. సిగ్గుపడే సంగతైతే తప్ప.

ఆ మాట తట్టగానే ఆమె చేయి ఆగిపోయింది.

పెట్టె అడుగున ఒక చిలకపచ్చ చీర ఉంది. పెండ్లికి నెల ముందు, సిద్దిరాములు తన తండ్రి చేనేత మగ్గం మీద నేసింది. ఆ మగ్గం మీద దిగిన ఆఖరి చీర అదే. తరువాత దాన్ని విప్పి అటక మీద పడేశారు. ఆ చీరలో ఒక తప్పుంది. మగ్గానికి దువ్వెన లాంటి అచ్చులో ఒక్కో పంటి సందుకు ఒక్కో పోగు దూర్చాలి. అంచు నుంచి ఏడో పంట్లో రెండు పోగులు పడ్డాయి. ఆరు గజాల పొడుగునా సన్నటి గీతలా ఆ జోడుపోగు నడుస్తుంది. చూసేవాళ్లకు కనిపించదు. కట్టుకునేవాళ్ల వేలికి తగులుతుంది.

పెండ్లయిన మూడో రోజు ఆమె వేలికి తగిలింది. సిద్దిరాములు చెవులు ఎర్రబడ్డాయి.

“బాపుకు చెప్పకే. అచ్చు తప్పినోడు నేతగాడే కాదంటడు,” అన్నాడు. తరువాత తనే నవ్వాడు. “అయినా సదువు రానోడు సంతకం గిట్లనే పెడతడు తియ్యి.”

పద్నాలుగేళ్లలో ఆ మాట వాళ్ల గదిలోంచి బయటికి పోలేదు.

నర్మద చిక్కులు కట్టే పేజీ తెరిచింది. ఏ రంగు తాడని ఆట అడిగింది. చిలకపచ్చ ఎంచుకుంది. పై నుంచి ఒక తాడు దించింది. దాని పక్కన ఇంకొకటి. ఒకే దూరంలో, ఒక్కొక్కటిగా, పన్నెండు తాళ్లు. పడుగు వేసినట్టు. ఏడో చోట కూడా ఒక్కటే. తప్పు లేని చీర.

కింద బెల్లం ముద్ద కట్టలేదు. ఏనుగును కూడా తీసేసింది. ఇది ఆట కాదని అతనికి తెలియాలి.

‘దాచు’ నొక్కింది. గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది. నాంపల్లి గుట్ట దగ్గర సిగ్నల్ పోయింది. నర్మద ఫోన్‌ను కిటికీ బయటికి చాచి పట్టుకుంది.

“చెయ్యి లోపట పెట్టమ్మా, లారీ గుద్దుతది,” అని కండక్టర్ వెనక నుంచి కసిరాడు.

రమ కదిలి, మళ్లీ ఆమె భుజంలోకి ఒదిగింది. ఆ తల బరువు మోస్తూనే నర్మద మనసులో మొక్కుకుంది. అతనే కావాలని. అలా మొక్కుకోవడమంటే ఏం కోరుకున్నట్టో తెలిసి కూడా మొక్కుకుంది.

కొత్తపల్లిలో గ్రానైట్ రాళ్ల లారీల వెనక బస్సు నెమ్మదించింది. గీత తిరగడం ఆగింది. చిక్కు వెళ్లిపోయింది.

*

హనుమండ్లు ఆఫీసు కరీంనగర్ బస్టాండు ఎదురు సందులో, జిరాక్స్ షాపు మీద. ఒక టేబుల్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద విమానం బొమ్మ క్యాలెండర్. మనిషి చెడ్డవాడు కాదు. ఈ తొమ్మిది రోజుల్లో అతని ముఖం కూడా పీక్కుపోయింది. ఇద్దరినీ పంపింది అతనే. వాడలోకి రావాలంటే తల ఎత్తలేకపోతున్నాడు.

రమ కాగితాలు టైపు అయి వచ్చేదాకా కూచోబెట్టి, ముందు ఆమెతో సంతకాలు పెట్టించాడు. ఆమె నాలుగు చోట్ల పెట్టింది. ఆ తరువాత నర్మద ముందు ఒక్క కాగితం ఉంచాడు. పక్కన పెన్ను.

అప్పుడు టైము రెండుంబావు.

“అన్నా, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవాలె,” అంది నర్మద.

“సంతకం చేసి పెట్టుకో.”

“పెట్టుకున్నంకనే చేస్త.”

హనుమండ్లు సొరుగు లాగాడు. వైరు తెచ్చాడు. ఆ పాత ఫోన్‌కు వైరు ఒక వైపు వంచి పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతుంది. నర్మద గోడ పక్కన కింద కూచుని రెండు వేళ్లతో వైరు వంచి పట్టుకుంది. తెర మీద ఆట తెరిచే ఉంది. పన్నెండు పచ్చ తాళ్లు కదలకుండా వేలాడుతున్నాయి.

రెండున్నర.

“చెల్లె, అక్కడ మనిషి నా ఫోన్ కోసం చూస్తుండు.”

“జర ఆగు అన్నా.”

“దేనికోసం ఆగాలె? చెప్పన్న చెప్పు.”

చెప్పాలంటే రమ ముందు చెప్పాలి. నర్మద తెర వైపే తిరిగింది. రమ వచ్చి పక్కన కూచుని వైరు తన చేతిలోకి తీసుకుంది. “నేను పట్టుకుంట అక్కా. నీ వేళ్లు తిమ్మిరెక్కినయి.”

రెండూ ముప్పై ఎనిమిదికి తెర మీద పలక లేచింది.

‘మీ ఆట మరో ఫోన్‌లో తెరిచారు.’

 మొదటి తాడు తెగింది. పచ్చటి ముక్క కిందికి జారి మాయమైంది. రెండోది తెగింది. మూడోది. నాలుగోది. వరసగా, ఆగకుండా, ఎడమ నుంచి కుడికి ఎవరో తెంపుకుంటూ పోయారు. పన్నెండూ తెగిపోయాయి. తెర ఖాళీ అయింది.

‘తెంపిన తాళ్లు: 12.’

 సిద్దిరాములు పన్నెండు తాళ్లు తెంపడు. ప్రాణం పోయినా తెంపడు. ఎవరో తెలియనివాళ్లు, ఆసుపత్రిలో పొద్దుపోని ఎవరో, పచ్చ తాళ్లు కనిపిస్తే సరదాకి తెంపారు. అంతే. తొమ్మిది రోజులుగా ఊరంతా ఒప్పుకున్నదాన్ని ఒక ఆట పట్టుకుని కాదనుకుంది. పిచ్చిది.

లేచి టేబుల్ దగ్గరికి వెళ్లింది. పెన్ను తీసుకుంది.

“ఇగో, ఇక్కడ,” అని హనుమండ్లు వేలు పెట్టి చూపించాడు. “పేరు పూర్తిగ రాయి.”

నర్మద ‘న’ రాసింది. గోడ గడియారం రెండు నలభై ఆరు చూపుతోంది. పెన్ను ‘ర్మ’ దగ్గరికి వెళ్లలేదు.

ఊగేదాన్ని ఊగనియ్యాలె. నీకు అన్నింటికీ తొందరనే.

వరసగా తెంపారు. ఎడమ నుంచి కుడికి. ఒక్కటీ విడిచిపెట్టకుండా. సరదాకి తెంపేవాళ్లు అక్కడొకటి ఇక్కడొకటి తెంపుతారు. ఇలా అంచు నుంచి అంచు దాకా తీసేది ఎవరు?

పడుగు తప్పు పడ్డ నేతగాడు. అచ్చులో తప్పు దొరికితే మధ్యలో సరిచేయరు. మొత్తం తీసేసి, మొదటి పంటి నుంచి మళ్లీ దూరుస్తారు.

“చెల్లె?”

నర్మద పెన్ను టేబుల్ మీద పెట్టి ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. రమ వైరు వదలకుండా అలాగే కూచుంది, కళ్లు తెర మీద. “అక్కా, ఏందో అయితుంది దీంట్ల,” అంది.

ఖాళీ తెర మీద ఒక పచ్చ తాడు దిగింది. చాలాసేపటికి ఇంకొకటి. ఎడమ చేతి వేలు, అలవాటు లేని చేయి. తాడు ఒకసారి వంకరపోతే చెరిపి మళ్లీ వేస్తున్నారు. మూడు. నాలుగు.

“అక్కడోడు మూడు సార్లు చేసిండు ఫోన్,” అని హనుమండ్లు వెనక నుంచి అన్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

ఐదు. ఆరు.

ఏడో తాడు దిగింది. ఒక్కటే.  ఎనిమిదో తాడు ఎనిమిదో చోట దిగుతుందేమో అని చూసింది. అది దిగలేదు. ఏడో తాడును ఆనుకుని, దాని మీదే పడ్డట్టుగా, సన్నటి సందు కూడా లేకుండా ఇంకొక తాడు దిగింది.

జోడుపోగు.

ఆ తరువాత తాళ్లేవీ రాలేదు. అక్కరలేదనుకున్నాడేమో. సంతకం అయిపోయింది.

నర్మద నోట్లోంచి వచ్చిన చప్పుడు ఏడుపో నవ్వో హనుమండ్లుకు అర్థం కాలేదు. ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ప్రపంచంలో ఆమె మొగుడు తప్ప ఇంకెవరూ లేరు. అతను ఉన్నాడు. ఊపిరి పీలుస్తున్నాడు. ఎడమ చేత్తో పోగులు దూరుస్తున్నాడు.

తరువాత, వైరు వంచి పట్టుకున్న రమ వేళ్లు కనిపించాయి.

“సంతకం పెట్టను అన్నా,” అంది నర్మద. గొంతు తనది కానట్టుంది.

“ఏంది చెల్లె, ఒక అక్షరం రాసి...”

“నా మొగడు సావలే.”

హనుమండ్లు కుర్చీలోంచి లేచాడు. “ఆట జూసి చెప్తున్నవా? గీ తాళ్లు జూసి? ఎంబసీల ఏమని చెప్పాలె నేను? ఏనుగు సాక్షమిచ్చిందనా?”

“ఆ నర్సమ్మకు ఫోన్ చెయ్యి. ఆ మనిషి చెవుల సిద్దిరాములు అని పిలువుమను. తల ఎట్ల ఊపుతడో జూసి చెప్పుమను.”

“ఆ మంచం మీదున్నది సాయిచంద్ గద చెల్లె, కార్డు...” అంటూ ఆగిపోయాడు. అతని చూపు రమ వైపు వెళ్లి, అక్కడ నిలవలేక కిటికీ మీదికి పోయింది. రెండు మంచాలు, ఒకేలాంటి రెండు డ్యూటీ కోట్లు, చలికి ఎవరి కోటు ఎవరు తొడుక్కున్నారో. తొమ్మిది రోజులుగా తను కూడా కార్డే చూశాడు. మనిషిని చూడలేదు.

ఫోన్ తీసి నంబరు నొక్కాడు. అరబ్బీ, హిందీ కలగలిపి ఎవరితోనో మాట్లాడాడు. నర్సును పిలవమన్నాడు.  రెండు యాభై ఏడు.

నర్మద రమ పక్కన కూచుంది. చెప్పాలి. బస్సులో దాచినట్టు ఇంక దాచకూడదు. నోరు తెరిచింది. 

రమ తెర మీద ఆ ఏడో చోటునే చూస్తోంది. పాత ఫోన్ వెలుగు తగ్గుతుంటే వేలితో తట్టి మళ్లీ వెలిగించింది.

“మొన్న వీడియోల,” అంది మెల్లగా. “నేను సాయీ అని పిలిసిన ప్రతిసారి తల అడ్డం ఊపిండు గద.”

“రమా...”

“నొప్పికి కాదు గదక్కా అది.”

నర్మద ఆమెను దగ్గరికి లాక్కుంది. రమ రాలేదు. కట్టెలా బిగిసి కూచుంది. వైరు మాత్రం వదలలేదు.

అవతల నర్సు ఏదో చెప్తోంది. హనుమండ్లు వింటూ వింటూ గోడకు ఆనుకున్నాడు. “హా, సిస్టర్. హా. కిత్నీ బార్?” అన్నాడు. ఫోన్ చెవి నుంచి దించి, ఇద్దరు ఆడవాళ్లలో ఎవరి ముఖం చూడాలో తెలియక నేల చూశాడు.

“పేరు పిలిసిందట. నిలువు ఊపిండట తల. ఊపుతనే ఉన్నడట.”

మూడు గంటలు కొట్టింది. అతని ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి కంపెనీ మనిషి, కాగితం కోసం.

రమ లేచింది. టేబుల్ మీద నర్మద ‘న’ దగ్గర ఆపేసిన కాగితాన్ని చేతిలోకి తీసుకుని పై నుంచి కింది దాకా చదివింది. పదో తరగతి పాసైన పిల్ల, ప్రతి మాటా చదివింది. ‘అక్కడే అంత్యక్రియలు చేయడానికి’ అన్నచోట వేలు ఆగింది.

“గా ఫోన్ ఎత్తు హనుమండ్లన్నా,” అంది. కళ్లలో నీళ్లు లేవు, ఇంకా రాలేదు. “ఎత్తి చెప్పు. ఇది ఇప్పుడు నా కాయితం. దీని మీద నేను సుత సంతకం పెట్టను. మా ఆయనను ఇంటికి తోలుమను.”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. అప్పుడు గానీ నర్మద వైపు తిరగలేదు. నర్మద రెండు చేతులూ చాచి పట్టుకుంది.